కొత్త డీజిలు కారూ, నాన్నగారి ఆయిలింజనూ

మనవాళ్ళలో కొత్త కారు కొన్నవారికి పార్టీ ఇవ్వక తప్పదు. 2012 వేసవిలో బర్మింగ్‌హామ్‌లో మేమూ ఇచ్చాము. వచ్చిన మిత్రులు పకోడీలు తిని, కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ఇంజను స్టార్టు చేయించి, "ఏమిటండీ, ఇలా వణుకుతోంది?" అన్నారు. మాకు గుండె జారింది. ఇద్దరి జీతాలూ చూపించి అప్పు తెచ్చి కొన్న కారు మరి!

ఆ ఏడు ఈ దేశంలో అమ్ముడైన కొత్త కార్లలో సుమారు సగం డీజిలువే. 2001 నుంచి రోడ్డు పన్ను కారు వదిలే బొగ్గుపులుసు వాయువును బట్టి వేసేవారు గనుక డీజిలు కారుకు పన్ను తక్కువ పడేది. మేమూ ఆ లెక్కే చూసుకున్నాము. వణుకు లెక్కలో లేదు.

అప్పటికి మా అమ్మా నాన్నగారూ గుంటూరు జిల్లా నుంచి వచ్చి ఉన్నారు. నాన్నగారు బానెట్టు పక్కన నిలబడి చెవి ఒగ్గి విని, "ఇది మన చేలో ఆయిలింజనేరా! దుక్కుదుక్కుమనకపోతేనే అనుమానించాలి" అన్నారు. నడుముకు ఆపరేషను అయిన అమ్మ మాత్రం, "అయితే నన్ను ఆయిలింజను మీద ఎక్కించి టివిడేల్ బాలాజీ గుడికి తీసుకెళతారా?" అంది. ఆ మాట మమ్మల్ని నిద్రపోనివ్వలేదు.

నాన్నగారు చెప్పింది చాలావరకు నిజం. పెట్రోలు ఇంజనులో నిప్పురవ్వ మంట పెడుతుంది. డీజిలులో రవ్వ లేదు. గాలిని పదహారో వంతుకు అటూఇటూగా నొక్కితే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులోకి చిమ్మిన డీజిలు తనంతట తానే భగ్గుమంటుంది. ఆ దెబ్బే మనకు వినిపించే టకటక. నొక్కుడు ఎంత గట్టిదో తోపూ అంత గట్టిది. నాలుగు సిలిండర్ల ఇంజను నిమిషానికి 850 సార్లు తిరుగుతూ కారు ఆగి ఉంటే సెకనుకు దాదాపు 28 తోపులు పడతాయి. వేగం పెరిగితే తోపులు దగ్గరపడి కలిసిపోతాయి. అందుకే సిగ్నలు దగ్గర తెలిసే వణుకు మోటార్‌వే మీద తెలియదు.

ఇదిగాక పిస్టన్ల రాకపోకల వల్ల పుట్టే సన్నని అదురు మరొకటి ఉంది. ఇంజనుకు రెట్టింపు వేగంతో ఎదురెదురుగా తిరిగే రెండు కడ్డీలు పెట్టి దాన్ని అణచవచ్చునని కనిపెట్టిన లాంచెస్టర్, ఒకప్పుడు మన బర్మింగ్‌హామ్‌లోనే కార్లు తయారుచేసినవాడు. మిగిలిన అదురును ఇంజను కింది రబ్బరు దిమ్మలు మింగాలి.

అమ్మినవారి దగ్గరకు వెళితే, "కొత్తలో అంతే, వెయ్యి మైళ్ళు తిరిగితే సర్దుకుంటుంది" అన్నారు. ఇది సగం నిజం. తిరిగేకొద్దీ రాపిడి తగ్గుతుంది గాని, ఏదైనా తగులుతూ ఉంటే అది ఎన్ని మైళ్ళు తిరిగినా పోదు. వణుకు ఎక్కడిదో ఇంట్లోనే కొంత తేల్చుకోవచ్చు. కారు ఆపి, గేరు తీసి, ఇంజను వేగం మాత్రం పెంచి చూడండి. వణుకు దానితోపాటు మారితే అది ఇంజనుకు సంబంధించినది. రోడ్డు మీద ఒకానొక వేగంలోనే, ఏ గేరులో ఉన్నా వస్తే చక్రాలను అనుమానించాలి.

మాది మొదటి రకం. పట్టుబట్టి కారును పైకి లేపించాము. పొగగొట్టాన్ని వేలాడదీసే రబ్బరు మెలిపడి, గొట్టం కారు అడుగును ఆనుకుని ఉంది. ఇంజను అదురంతా ఆ దారినే సీట్లలోకి వస్తోంది! అరగంటలో సరిచేశారు, డబ్బు అడగలేదు. డీజిలు గుణం కొంత మిగిలింది గాని అమ్మ గుడికి హాయిగా వచ్చింది.

ఇక కొత్త ఇంజనును అలవాటు చేయడం. సిలిండరు గోడల మీద కావాలనే సన్నని గీతలు గీస్తారు. పిస్టను రింగులు వాటి మీద ఒరుసుకుని కుదురుకోవాలి. అందుకు కొంత బరువు పడాలి. మరీ తేలిగ్గా నడిపితే, గంటలకొద్దీ ఊరకే తిప్పితే గోడ నున్నబడి ఇంజను నూనె తాగడం మొదలుపెడుతుంది. నాన్నగారి మాటల్లో, "కొత్త ఎద్దును తొలిరోజే నిండు బండికి కట్టకూడదు. అలాగని కొట్టంలోనూ ఉంచకూడదు." మొదటి వెయ్యి మైళ్ళు వేగం మారుస్తూ నడపండి. చల్లని ఇంజనును గట్టిగా తొక్కకండి. పై గేరులో ఈడ్చకండి. కారుతో ఇచ్చిన పుస్తకంలో మరోలా ఉంటే దాని మాటే వినండి.

మా అసలు పొరపాటు ఇంకొకటి. ఆసుపత్రి ఉద్యోగానికి రోజూ మూడు మైళ్ళే వెళ్ళేవాళ్ళం. డీజిలు కారులో మసిని పట్టే జల్లెడ ఉంటుంది. అది సుమారు 600 డిగ్రీల దాకా వేడెక్కితేగాని మసి కాలిపోదు. మూడు మైళ్ళకు ఆ వేడి రాదు. హెచ్చరిక దీపం వెలిగినప్పుడల్లా పనిగట్టుకుని మోటార్‌వే ఎక్కేవాళ్ళం. తక్కువ పన్ను వల్ల మిగిలింది ఇలా ఖర్చయింది. 2021 జూన్ నుంచి మన నగరం నడిబొడ్డున అలాంటి పాత డీజిలు కార్లకు రోజుకు 8 పౌండ్ల రుసుము పెట్టేసరికి కారును అమ్మేశాము.

కనుక మిత్రులారా, డీజిలు కారు కొనేముందు వణుకు సంగతి తరువాత, మీ రోజువారీ దూరం ఎంతో ముందు కొలుచుకోండి. నాన్నగారి ఆయిలింజను మాత్రం ఇరవై ఏళ్ళు నడిచింది. ఆయన దాన్ని ఏనాడూ మూడు మైళ్ళ పనికి వాడలేదు!