మూడు కాళ్లున్నంత మాత్రాన ఒకటి కాదు

పాలిటెక్నిక్ ల్యాబ్‌లో ఎలక్ట్రానిక్స్ నేర్పే నాకు ఏటా ఎదురయ్యే ప్రశ్న ఇది: "మేడమ్, రెండూ ట్రాన్సిస్టర్లే కదా, ఏది పెడితే ఏంటి?" కోఠి గుజరాతీ గల్లీలో కొనుక్కొచ్చిన రెండు నల్లటి ముక్కలు చేతిలో పట్టుకుని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే.

ట్రాన్సిస్టర్‌లో రెండు కాళ్ల మధ్య పారే పెద్ద కరెంటును మూడో కాలు అదుపు చేస్తుంది. ఎలా అదుపు చేస్తుందో దాన్ని బట్టే జాతులు. మూడో కాలికి కరెంటు ఇస్తూ ఉంటేనే పనిచేసేది బైపోలార్. వోల్టేజీ ఉంటే చాలనేది ఫీల్డ్ ఎఫెక్ట్ ట్రాన్సిస్టర్, వాడుకలో ఫెట్.

మన ల్యాబుల్లో బైపోలార్ అనగానే గుర్తొచ్చేది ఎస్ఎల్100. లోహపు టోపీ, అంచున చిన్న ముక్కు, ముక్కు పక్కనున్న కాలు ఎమిటర్. లోపల సిలికాన్‌లో మూడు పొరలు. ఇది ఎన్‌పీఎన్ రకం కాబట్టి అటూ ఇటూ ఎలక్ట్రాన్లు దండిగా ఉన్న పొరలు, నడుమ ఎలక్ట్రాన్లు లేని ఖాళీలు, అంటే హోల్స్, ఉన్న చాలా పలుచటి పొర. అదే బేస్. బేస్‌కు ఎమిటర్ కంటే సుమారు 0.6 నుంచి 0.7 వోల్టులు ఎక్కువ ఇస్తే ఎమిటర్‌లోని ఎలక్ట్రాన్లు బేస్‌లోకి చొరబడతాయి. అది అంత పలుచన కనుక వాటిలో చాలా భాగం ఇంకా అక్కడ స్థిరపడక ముందే అవతలి పొరైన కలెక్టర్ లాగేసుకుంటుంది. కొన్ని మాత్రం హోల్స్‌లో పడి ఆగిపోతాయి. కొన్ని హోల్స్ ఎమిటర్ వైపు జారిపోతాయి. ఈ రెండు నష్టాలనూ పూడుస్తూ ఉండటానికే బేస్‌కు బయటి నుంచి కరెంటు కావాలి. ఆపితే ట్రాన్సిస్టరూ ఆగుతుంది. పొరలనూ కరెంటు దిశనూ తలకిందులు చేస్తే పీఎన్‌పీ, మా డబ్బాలో దాని పేరు ఎస్‌కే100.

పెద్ద కరెంటు దగ్గర ఈ బేస్ ఆకలి బయటపడుతుంది. పాత ఆంప్లిఫయర్లలో కనిపించే 2ఎన్3055నే తీసుకోండి. 4 ఆంపియర్ల దగ్గర దాని గెయిన్, అంటే బేస్ కరెంటుకు కలెక్టర్ కరెంటు ఎన్ని రెట్లో ఆ అంకె, 20కి పడిపోవచ్చని డేటాషీటే చెబుతుంది. అంటే బేస్‌కే 200 మిల్లీఆంపియర్లు పోయాలి. బీసీ547 లాంటి చిన్న ట్రాన్సిస్టర్ మొత్తం తాహతే 100 మిల్లీఆంపియర్లు. అందుకే మధ్యలో ఇంకో డ్రైవర్ ట్రాన్సిస్టర్ పెడతారు. పైగా పూర్తిగా ఆన్ అయినా 3055 మీద 1.1 వోల్టు దాకా మిగలొచ్చు. నాలుగు ఆంపియర్లకు అది 4.4 వాట్ల వేడి.

ఇప్పుడు ఫెట్‌లలో ఒక రకమైన మోస్‌ఫెట్. ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ పూర్తిగా ఆన్ అయితే దాని నిరోధం ఎక్కువలో ఎక్కువ 17.5 మిల్లీఓమ్‌లు. అదే 4 ఆంపియర్లకు వేడి 0.28 వాట్లు, హీట్‌సింక్ అక్కర్లేదు. ఇందులో మూడో కాలైన గేట్‌కూ కింది సిలికాన్‌కూ మధ్య సన్నటి సిలికాన్ డయాక్సైడ్ పొర ఉంటుంది. కరెంటు దాన్ని దాటలేదు, గేట్ మీది వోల్టేజీ ప్రభావం మాత్రం దాటుతుంది. అది ఎలక్ట్రాన్లను ఉపరితలానికి లాగి, మిగతా రెండు కాళ్లైన సోర్స్, డ్రెయిన్‌ల మధ్య దారి వేస్తుంది. ల్యాబులో బీఎఫ్‌డబ్ల్యూ10గా కనిపించే మరో రకం ఫెట్, జేఫెట్‌లో దారి ముందే ఉంటుంది, గేట్‌కు రుణ వోల్టేజీ ఇచ్చి దాన్ని సన్నబరుస్తాం.

చిత్రమేమిటంటే ఆలోచనలో ఫెట్టే ముందు పుట్టింది. లిలియన్‌ఫెల్డ్ అనే భౌతిక శాస్త్రవేత్త 1925లోనే దానికి పేటెంట్ దరఖాస్తు పెట్టాడు. బెల్ ల్యాబ్స్‌లో షాక్లీ బృందం కూడా మొదట ఆ దారినే పట్టింది. ఎంత వోల్టేజీ పెట్టినా లోపలి కరెంటు కదల్లేదు. ఉపరితలంలో చిక్కుకున్న ఎలక్ట్రాన్లే గేట్ ప్రభావాన్ని అడ్డుకుంటున్నాయని ఆ బృందంలోని బార్డీన్ కనిపెట్టాడు. ఆ చిక్కు విప్పుతూ ఉండగానే 1947 డిసెంబరులో ఆయనకూ సహచరుడు బ్రాటెన్‌కూ జెర్మేనియం ముక్క మీద బంగారు రేకుతో మరో రకం ట్రాన్సిస్టర్ దొరికింది. పొరలుగా ఉండే బైపోలార్ ఊహ 1948 మొదట్లో షాక్లీది. ఉపరితలాన్ని ఆక్సైడ్‌తో శాంతింపజేసి మోస్‌ఫెట్‌ను పనిచేయించింది అదే బెల్ ల్యాబ్స్‌లోని అటాలా, కాంగ్. అప్పటికి 1960 వచ్చింది. మన ఫోన్లలోని చిప్పుల్లో చాలా భాగం వాళ్ల వరసవే. నా దృష్టిలో వాళ్లకు దక్కాల్సినంత పేరు దక్కలేదు.

పుస్తకాలు అన్ని ట్రాన్సిస్టర్లకూ కుళాయి పోలిక చెబుతాయి. అది మోస్‌ఫెట్‌కే అతుకుతుంది. కుళాయి తిప్పి చెయ్యి తీసేసినా నీళ్లు వస్తూనే ఉంటాయి. మోస్‌ఫెట్ గేట్‌కు వోల్టేజీ తాకించి వైరు తీసేసినా లోపలి ఛార్జి కాసేపు నిలిచి, దానికి కట్టిన మోటారు తిరుగుతూనే ఉంటుంది. బైపోలార్‌తో అలా తిరగదు. మా పిల్లలు ఈ రెండూ పక్కపక్కనే చేసి చూశాక మళ్లీ "ఏది పెడితే ఏంటి" అనరు.

గేట్‌కు నిలకడగా కరెంటు అక్కర్లేకపోయినా సరిపడా వోల్టేజీ కావాలి. ఐఆర్‌ఎఫ్‌జెడ్44ఎన్ 2 నుంచి 4 వోల్టుల మధ్య తెరుచుకోవడం మొదలుపెడుతుందని చదివి ఆర్డుయినో బోర్డు నుంచి 5 వోల్టులు నేరుగా ఇస్తారు. అది మొదలు మాత్రమే. ఆ 17.5 మిల్లీఓమ్‌ల మాట గేట్‌కు 10 వోల్టులిచ్చినప్పటిది. అరకొరగా తెరుచుకున్న ముక్క పెద్ద కరెంటుకు చెయ్యి కాలేంత వేడెక్కుతుంది. ఆర్డుయినోకు తక్కువ గేట్ వోల్టేజీకే బాగా తెరుచుకునే ఐఆర్‌ఎల్‌జెడ్44ఎన్ కొనండి. గేట్‌కూ సోర్స్‌కూ మధ్య 10 కిలోఓమ్‌ల రెసిస్టర్ ఒకటి పెట్టండి, బోర్డు ఇంకా మేలుకోక ముందు మోటారు తనంతట తాను తిరగకుండా ఉంటుంది.