పెద్దమ్మ మాట నెగ్గాలంటే సొంత గడప వుండాలి

కథల్లో ముసలమ్మలకు కొదవ లేదు. పొయ్యి దగ్గర కూర్చుని సణిగేవాళ్ళూ, మనవలకు గోరుముద్దలు పెట్టేవాళ్ళూ, నులకమంచంలో మూలిగేవాళ్ళూ ఎక్కడబడితే అక్కడ కనిపిస్తారు. కానీ అన్నమాట మీద నిలబడి, కథంతా తన చుట్టూ తిప్పుకునే ముసలమ్మలు ఎందరు? వెతికితే వున్నారు. వాళ్ళను వరసగా చూస్తే ఒక సంగతి తేటపడుతుంది.

పూటకూళ్ళ ఇంటి పెద్దరికం

తెనాలి, బాపట్ల, రేపల్లె పల్లెల్లో అందరూ ఎరిగిన మొదటి ముసలమ్మ పేదరాశి పెద్దమ్మ. దేశాలు పట్టి వచ్చిన రాజకుమారుడు పొద్దుగూకేసరికి చేరేది ఆమె ఇంటికే. అన్నం పెడుతుంది. ఊరి గుట్టు చెబుతుంది. వెళ్ళకూడని చోటికి వెళ్ళొద్దని ముఖం మీదే అంటుంది. చాలా కథల్లో ఆమెకు మొగుడి మాటగాని, కొడుకుల ఊసుగాని వుండదు. ఇల్లు మాత్రం ఆమెది. నలుగురికి వండిపెట్టి గడించే నాలుగు డబ్బులూ ఆమెవే. అందుకే రాజు కొడుకైనా ఆమె మాట వింటాడు. అయితే తెల్లవారగానే కథ గుర్రమెక్కి రాజకుమారుడి వెంట పోతుంది. పెద్దమ్మ గడపలోనే వుండిపోతుంది.

ఇలాంటి కథలను ఇంటింటికీ చేర్చిన 'చందమామ' 1947 జూలైలో మొదలైంది. నాగిరెడ్డితో కలిసి దాన్ని ప్రారంభించిన చక్రపాణిది తెనాలి. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా ఆ పత్రికకు సంపాదకత్వం వహించిన కొడవటిగంటి కుటుంబరావు 1909లో పుట్టిందీ తెనాలిలోనే. ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. పెద్దమ్మ మాత్రం జనం నోట నిలిచే వుంది.

అత్తగారి హోదా

ముసలమ్మను గడపలోంచి కథ నడిమధ్యకు తెచ్చినవారు భానుమతీ రామకృష్ణ. ఆమె 1925లో ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టారు. 1970 దాకా ఒంగోలు గుంటూరు జిల్లాలోనిదే. ఆమె 'అత్తగారి కథలు'లో నాయిక అత్తగారే. మడీ ఆచారం, మంకుపట్టు, అమాయకత్వం కలబోసిన మనిషి. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు. కోడలు నవ్వుకుంటూ కథ చెబుతుంది గాని ఇంట్లో చెల్లేది అత్తగారి మాటే. అయితే ఆమెను మనం చూసేది కోడలి కళ్ళతోనే.

పేరు మరచిన ఇల్లాలు

తెనాలి పక్కనే వున్న కొలకలూరులో 1940లో పుట్టిన పి. సత్యవతి 'ఇల్లలకగానే' అనే కథ రాశారు. ఇల్లు అలుకుతూ అలుకుతూ తన పేరే మరచిపోయిన ఇల్లాలి కథ అది. పేరు వెతుక్కుంటూ ఆమె బయలుదేరుతుంది. ఆమె ముసలిది కాదు. కానీ ఆ పేరు దొరక్కపోతే డెబ్బయ్యేళ్ళకు ఏమవుతుందో మన వీధిలోనే చూడవచ్చు. ఫలానావాళ్ళ అమ్మ, ఫలానావాళ్ళ మామ్మ. అసలు పేరు రేషన్ కార్డులోనే మిగులుతుంది.

దీనికి జవాబులా వుంటుంది అబ్బూరి ఛాయాదేవి 'తన మార్గం'. భర్త పోయాక పిల్లల పంచన చేరకుండా, తన ఇంట్లో తానుగా బతకాలని నిశ్చయించుకున్న పెద్దావిడ కథ అది. ఆ పేరుతో వచ్చిన సంపుటికి 2005లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి లభించింది. ఇక్కడ రాజకుమారుడు లేడు, నవ్వే కోడలు లేదు. కథ ఆమెది, నిర్ణయమూ ఆమెదే.

వంతుల బతుకు

ఈ కథల్లో మాట చెల్లించుకున్న ప్రతి పెద్దావిడకూ కాళ్ళ కింద గట్టి నేల వుంది: సొంత ఇల్లో, సొంత రాబడో, ఇంటి పెత్తనమో. అది లేనప్పుడు ఎంత నోరున్న మనిషైనా ముగ్గురు కొడుకుల మధ్య తలా నాలుగు నెలల వంతైపోతుంది. పంపకాల్లో పొలమూ ఇల్లూ పంచుకున్నట్టే తల్లినీ పంచుకుంటారు.

పూర్వం భర్త ఆస్తి దక్కినా వితంతువు అనుభవించడమే గాని, తన ఇష్టం వచ్చినట్టు అమ్మడానికీ రాసివ్వడానికీ వీలుండేది కాదు. 1956 హిందూ వారసత్వ చట్టం ఆమెకు పూర్తి హక్కు ఇచ్చింది. 2007లో వయోవృద్ధుల పోషణ చట్టం వచ్చింది. చూసుకుంటామన్న షరతు మీద ఆస్తి రాయించుకుని తరువాత చూడకపోతే, ఆ దస్తావేజును రద్దు చేయమని ట్రిబ్యునల్‌ను అడగవచ్చు. ఆ షరతును దస్తావేజులోనే రాయించుకోవడం మేలు.

మినుము పీకే చేలల్లో, రేపల్లె బాపట్ల తీరాన చేపల గంపల దగ్గర, తెనాలి బజారులో కూరల తట్టల వెనక నోరూ నిబ్బరమూ వున్న మామ్మలు ఎందరో వున్నారు. రాయదలచిన యువకులు కథావస్తువు కోసం ఎక్కడికో పోనక్కరలేదు. పంపకాల కాగితం మీద వేలిముద్ర వేయబోతూ మామ్మ చెయ్యి వెనక్కి తీసుకుని, "మరి నేనుండేదెక్కడరా?" అని అడిగిందనుకోండి. కథ అక్కడే మొదలవుతుంది.