స్వరం మీద చుక్క ఎక్కడ కూర్చోవాలి?

నందికొండ దగ్గర కృష్ణా లోయలో దొరికిన ఇక్ష్వాకుల శాసనాల్లో అక్షరాల నిలువు గీతలు కిందికి సాగి, చివర వంపు తిరిగి ఉంటాయి. అక్కడి బౌద్ధ స్తూపమైన మహాచైత్యం ఆయక స్తంభాల మీద ఇక్ష్వాకు రాజకుటుంబపు స్త్రీ చాంతసిరి వేయించిన మూడో శతాబ్దపు దానశాసనాలు ఇందుకు సాక్ష్యం. ఆ వంపు ఉలి జారితే వచ్చింది కాదు, అక్షరం తర్వాత అక్షరానికి కావాలని తీర్చింది. చెక్కినవాడు కోరుకున్నది నిలకడనే. కాబట్టి అచ్చు పేజీ చేత్తో చేసినట్టుండాలని అక్షరాలను వంకరలు పోయేలా చేయడం నాకు సరిగా తోచదు. చేతిపని విలువ వణుకులో లేదు, కంటి తీర్పులో ఉంది.

1746-47లో జర్మనీలోని హాలేలో క్రైస్తవ మతప్రచారకుడు షుల్ట్జ్ అచ్చువేయించిన పుస్తకాలతో తెలుగు సీసపు అక్షరాల కథ మొదలైంది. గుణింతాలు, ఒత్తులు కూర్చడమే కష్టమైన ఆ పనికి 1904లో సంగీత విద్వాంసుడు సుబ్బరామ దీక్షితులు మరో అంతస్తు కట్టించారు. ఎట్టయపురంలో తెలుగు లిపిలో వెలువడిన ఆయన 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని'లో స్వరాన్ని ఊపే కంపితానికి అలలాంటి గీత, స్వరం నుంచి స్వరానికి సాగే జారుకు ఏటవాలు గీత, స్థాయికి చుక్క, కాలం సగమైతే పైన అడ్డగీత ఉంటాయి. రిషభం మీది అల గాంధారం వైపు జరిగితే పాడేవాడు తప్పు స్వరాన్ని ఊపుతాడు. ఇక్కడ ఖచ్చితత్వమే సంగీతం.

సీసపు అక్షరాలతో అచ్చయిన పాత పేజీలో ఒక ఆత్మీయత ఉంటుంది, కంప్యూటర్ పేజీలో అది ఉండదు అంటారు. నిజమే, 1926లో సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక మొదలుపెట్టిన కాలపు అచ్చంటే నాకూ ఇష్టమే. కానీ అరిగిన టైపును కరిగించి మళ్లీ పోతపోసిన ఆ అచ్చుకూటాలు కోరుకున్నది సమానమైన సిరానే. కంప్యూటర్ పేజీ నిర్జీవంగా కనిపిస్తే తప్పు ఖచ్చితత్వానిది కాదు, కొలవకూడనిదాన్ని కొలవడంలో ఉంది. ఐరోపాలో లోహపు రేకుల మీద స్వరలిపి చెక్కినవాళ్లు, ఒక స్వరం కాడ పైకీ పక్కదాని కాడ కిందికీ ఉంటే మధ్య ఎడం కాస్త పెంచేవాళ్లు. స్కేలుతో సమానంగా పెడితే ఆ రెండు కాడలు ఇరుకుగా కనిపిస్తాయి. 1996లో మొదలైన లిలీపాండ్ అనే సాఫ్ట్‌వేర్ ఇలాంటి సవరణలనే నియమాలుగా నేర్చుకుంది.

తెలుగు స్వరలిపికీ ఆ శ్రద్ధ కావాలి. తారస్థాయి 'సా' మీద చుక్క పెట్టమంటే యంత్రం దీర్ఘంతో సహా వెడల్పు కొలిచి నడుమ పెడుతుంది. కంటికి అది కుడికి జరిగినట్టుంటుంది, ఎందుకంటే అక్షరం బరువంతా ఎడమవైపే. చుక్క అక్కడే పడాలి. 'రి' గుడిని తాకకుండా, వరసలోని చుక్కలన్నీ ఒకే ఎత్తున నిలిస్తే పాడేవాడు స్థాయిని ఒక్క చూపులో పట్టుకుంటాడు.