హాలియా సీమలో వేదాంతం: మనసు, ఎరుక, శాంతి

అప్పు తీరితేనో, పిల్లలు స్థిరపడితేనో, పంట గట్టెక్కితేనో మనసు కుదుటపడుతుందని సామాన్యంగా అందరూ అనుకుంటారు. అవన్నీ జరిగిన తరువాత కూడా కలత మరో రూపంలో మొదలవుతుందన్న సంగతి కూడా అందరికీ అనుభవమే. ఈ అనుభవాన్ని తీవ్రంగా పరిశీలించిన ఉపనిషత్తులు ఒక సాహసమైన నిర్ణయానికి వచ్చాయి. శాంతి అనేది బయటి నుంచి సంపాదించవలసిన వస్తువు కాదని, అది మనిషి అసలు స్వరూపమని, దాన్ని మరుగుపరుస్తున్నది తన గురించి తానే పెంచుకున్న పొరపాటు అవగాహన అని అవి చెబుతాయి. కేవలం 12 మంత్రాలున్న మాండూక్యోపనిషత్తు జాగ్రత్తు, స్వప్నం, సుషుప్తి అనే మెలకువ, కల, గాఢనిద్ర స్థితులను వివరించి, ఆ మూడింటికీ ఆధారమై వాటితో మారకుండా ఉండే తురీయాన్ని, అంటే నాలుగవదాన్ని, ఏడవ మంత్రంలో శాంతమనే పేరుతోనే నిర్దేశించింది.

వేదాంతులు మనసును ఒకే ముద్దగా చూడలేదు. లోపలి పనిముట్టు అనే అర్థంలో దాన్ని అంతఃకరణం అన్నారు. చేసే పనిని బట్టి మనస్సు, బుద్ధి, చిత్తం, అహంకారం అని నాలుగుగా విభజించారు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద నారు పోసుకుని నీటి విడుదల కోసం ఎదురుచూసే హాలియా రైతు ఆందోళనను ఈ విభజనతో గమనిస్తే దాని ప్రయోజనం తెలుస్తుంది. నీళ్లు వస్తాయా రావా అని అటూ ఇటూ ఊగేది మనస్సు. నాటు వేద్దామనో, ఈసారికి ఆగుదామనో నిశ్చయించేది బుద్ధి. వెనకటి కరువు ఏడాదిని పదే పదే పైకి తెచ్చేది చిత్తం. పంట పోతే తానే పోయినట్టని తీర్మానించేది అహంకారం. మొదటి మూడూ బతుకుకు అవసరమైనవే, వాటిని ఎవరూ వదులుకోలేరు, వదులుకోనవసరమూ లేదు. పంట నష్టాన్ని తన నాశనంగా మార్చే నాలుగవ వ్యాపారం దగ్గరే వేదాంతం వేలు పెడుతుంది.

ఆ వేలు చూపించేది సాక్షిని. ఊగిసలాట, నిశ్చయం, జ్ఞాపకం, 'నేను పోయాను' అన్న తలపు, ఈ నాలుగూ ఎవరికో ఒకరికి తెలుస్తున్నాయి; తెలియబడేది ఏదైనా తెలుసుకునేవాడికి వేరుగా ఉండక తప్పదు కాబట్టి, మనసును ఎరిగేవాడు మనసు కాడు. చూసేదానికీ చూడబడేదానికీ మధ్య ఉన్న ఈ తేడాను నిలకడగా గుర్తించడాన్ని దృగ్దృశ్య వివేకం అంటారు. పారే కాలువలో సూర్యబింబం ముక్కలై వణుకుతుంది, బురదనీటిలో మసకబారుతుంది, కానీ ఆ వణుకూ మసకా నీటివే తప్ప ఆకాశంలోని సూర్యుడివి కావు. అంతఃకరణంలో ప్రతిఫలించిన చైతన్యాన్ని జీవుడిగా చెప్పే వేదాంత ప్రక్రియ సారం ఇదే. నీటి లక్షణాన్ని సూర్యుడికి అంటగట్టినట్టు, మనసు లక్షణాన్ని ఆత్మకు అంటగట్టడం అధ్యాస అనిపించుకుంటుంది. శంకరాచార్యులు బ్రహ్మసూత్ర భాష్యాన్ని ఈ అధ్యాస విచారంతోనే ఆరంభించారు.

ఇక్కడ ఒక సందేహం సహజం. సాక్షి వేరని తెలిసినంత మాత్రాన కలత ఆగుతుందా? శంకరుల గురుపరంపరలో పరమగురువైన గౌడపాదులు మాండూక్య కారికల మూడవ ప్రకరణంలో దీనికి సమాధానం చెప్పారు. ద్వైతమంతా మనసు కదలికగానే కనిపిస్తుందని, ఆత్మసత్యం బోధపడినప్పుడు మనసు సంకల్పించడం మాని మనసు కాకుండా పోతుందని, అదే అమనీభావమని వారి ఉపదేశం. గౌడపాదుల మీద మహాయాన బౌద్ధ ప్రభావం ఎంత అన్నది పండితుల మధ్య ఇప్పటికీ తెగని చర్చ. ఆ చర్చలో ప్రధానంగా వినిపించే ఆచార్య నాగార్జునుడి పేరును సంప్రదాయం ముడిపెట్టిన నాగార్జునకొండ హాలియాకు చేరువలోనే ఉంది. ఇక్ష్వాకుల విజయపురి వెలసిన ఆ లోయ నేడు జలాశయం అడుగున ఉంది. 1967 ఆగస్టు 4న సాగర్ కాలువలకు నీరు వదిలిన తరువాత హాలియా మెట్టనేలలు వరిపొలాలయ్యాయి. మనసు స్వభావం గురించి భారతదేశంలో జరిగిన అతి సూక్ష్మమైన వాదాలకు సంబంధించిన స్థలం తమ ఊరి పక్కనే ఉందన్న సంగతిని ఈ ప్రాంతం ఇంకా గట్టిగా గుర్తుచేసుకోవాలి.

అమనీభావం సంస్కృత కారికల్లోనే ఉండిపోయి ఉంటే అది పండితుల సొత్తుగా మిగిలేది. తెలంగాణ చేసిన పెద్ద పని ఆ విద్యను తెలుగులోకి, ఆ తరువాత పాటలోకి దించడం. 15వ శతాబ్దంలో మడికి సింగన వాసిష్ఠ రామాయణాన్ని తెలుగు పద్యంలో చెప్పాడు. ఓరుగల్లు మట్టెవాడకు చెందిన పరశురామ పంతుల లింగమూర్తి రచించిన సీతారామాంజనేయ సంవాదం మూడు ఆశ్వాసాల్లో తారకం, సాంఖ్యం, అమనస్కం అనే మూడు మెట్లను వరుసగా బోధించింది. చూపును లోపలికి మళ్లించి నిలపడం తారకం. దేహం, ఇంద్రియాలు, మనసు మొదలైన తత్త్వాలను ఒక్కొక్కటిగా లెక్కించి అవి తాను కానని విడదీసుకోవడం సాంఖ్యం. ఆ విడదీసుకునే మనసు సైతం అణగిన స్థితి అమనస్కం. గౌడపాదుల అమనీభావానికి దగ్గరి చుట్టమైన ఈ మాట హనుమంతుడికి సీతారాములు చేసిన ఉపదేశంగా రావడం వల్ల రామకథ తెలిసిన ప్రతి ఇంటికీ అందుబాటులోకి వచ్చింది. తెలుగు సాహిత్య చరిత్రలు ఇటువంటి గ్రంథాలకు ఒకటి రెండు వాక్యాలకు మించి చోటివ్వకపోవడం అన్యాయమే. ప్రబంధాలను చదివినవారి కంటే వీటిని గురుముఖంగా విన్నవారు పల్లెల్లో తక్కువేమీ కాదు.

దీనికి సమాంతరంగా శివరామ దీక్షితుల పేరుతో ప్రసిద్ధమైన అచల సిద్ధాంతం తెలుగు పల్లెల్లో విస్తరించింది. అద్వైతం ఎరుకను, అంటే చైతన్యాన్ని, చివరి సత్యంగా నిలిపితే, అచలం మరో అడుగు ముందుకు వేసి, 'నేనున్నాను' అనే ఎరుక కూడా పుట్టి అణగేదేనని, కదలిక లేని పరిపూర్ణమైన బయలు ఒక్కటే ఉన్నదని వాదిస్తుంది. ఈ రెండింటి మధ్య తాత్త్విక భేదం చిన్నది కాదు, రెండు పక్షాల గురువులూ దాన్ని సర్దుకుపోయే విషయంగా తీసుకోరు. సాధకుడి కలత విషయంలో మాత్రం రెండూ ఒకే చోట చెయ్యి వేస్తాయి: 'నేను' అనే పట్టు సడలనిదే మనసు నెమ్మదించదు.

ఈ విద్య ఎంత లోతుకు దిగిందో చెప్పడానికి హాలియా పక్కనున్న పెద్దవూర ప్రాంతంలోని చింతపల్లిలో మాదిగ కుటుంబంలో పుట్టిన దున్న ఇద్దాసు జీవితం చాలు. 19వ శతాబ్దానికి చెందిన ఇద్దాసును పరిశోధకులు తెలుగు తొలి దళిత కవిగా గుర్తిస్తున్నారు. పాఠశాల గడప, గుడి గడప రెండూ మూసి ఉన్న కాలంలో ఆయన శైవ గురువు వద్ద ఉపదేశం పొంది, యోగసాధన చేసి, అన్ని కులాల వారికీ తత్వాలు బోధించే స్థాయికి చేరాడు. తాను దేహం కాదని, దేహానికి అంటిన కులం అంతకన్నా కాదని వేదాంతం చెప్పే మాట అగ్రహారంలో ఒక సిద్ధాంతంగా వినిపించవచ్చు. అంటరానితనం అనుభవిస్తున్న మనిషి నోట అదే మాట తన బతుకుకు సంబంధించిన తీర్పుగా పలుకుతుంది. ఆత్మవిద్యకు ఇంతకంటే కఠినమైన పరీక్ష ఉండదు, ఇద్దాసు అందులో నెగ్గాడు.

తత్వాలు పాడే పద్ధతిలోనే బోధ ఇమిడి ఉంది. తంబూర పట్టినవాడు పల్లవి ఎత్తుకుంటాడు, తాళాలు కొట్టేవాళ్లు దాన్ని తిరిగి అందుకుంటారు, ఒక చరణం పూర్తయ్యాక పెద్దవాడొకడు పాట ఆపి అందులోని ఊరు ఏది, తొమ్మిది వాకిళ్లు ఏవి, కొండ మీది దీపం ఏది అని లోపలి అర్థాన్ని విప్పుతాడు, మళ్లీ అదే చరణం నుంచి పాట సాగుతుంది. గురుపూర్ణిమకూ గురువుల ఆరాధనలకూ సాగే ఈ భజనలు చావు జరిగిన ఇంట రాత్రంతా కూడా సాగుతాయి. ఏడుస్తున్న ఇంటివారి ముందే దేహం అనిత్యమని పాడటం కఠినంగా తోచవచ్చు గానీ, పదిమంది కూర్చుని పాడటం వల్ల ఆ మాట ఓదార్పుగానే అందుతుంది. శాస్త్రం శ్రవణం, మననం, నిదిధ్యాసనం అని చెప్పిన మూడు సాధనాలు, అంటే వినడం, సందేహం తీరేలా ఆలోచించడం, తీరిన అర్థంలో మనసును నిలపడం, ఈ పాటలో ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి.

వినడం దగ్గరే ఆగిపోతే ఏమవుతుందో తెలుగువారికి బాగా తెలుసు: ప్రసూతి వైరాగ్యం, పురాణ వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని పెద్దలు ఊరికే అనలేదు. కేరళలో పుట్టి, నారాయణ గురు శిష్యపరంపరలో దీక్ష పొంది, 1926లో ఏర్పేడు వద్ద వ్యాసాశ్రమాన్ని స్థాపించిన మలయాళ స్వామి ఈ వట్టి మాటల వేదాంతం మీదే 'శుష్క వేదాంత తమోభాస్కరం' రాశారు. ఆచరణ లేని జ్ఞానాన్ని ఖండించిన ఆయనే, స్త్రీలకూ అన్ని కులాల వారికీ సంస్కృతం, వేదాంతం నేర్పారు. ఈ రెండు పనులూ వేర్వేరు కావు. అందరిలో ఉన్నది ఒకే ఆత్మ అని చెబుతూ కొందరికి తలుపు మూయడమే వేదాంతం ఎండిపోయిందనడానికి మొదటి గుర్తు.

ఆచరణ ఎక్కడ మొదలవ్వాలన్న ప్రశ్నకు సూటి జవాబు 1907లో అరుణాచలంలో దొరికింది. బొబ్బిలి సమీపంలోని కలువరాయికి చెందిన కావ్యకంఠ గణపతి ముని, ఎన్నో మంత్రాలు జపించి, ఎన్నో శాస్త్రాలు చదివిన తరువాత కూడా తపస్సు అంటే ఏమిటో బోధపడలేదని విరూపాక్ష గుహలోని యువ మౌనిని ఆశ్రయించినప్పుడు, 'నేను' అనే తలపు ఎక్కడ పుడుతోందో గమనిస్తే మనసు అక్కడే లీనమవుతుందని, అదే తపస్సని ఆ మౌని చెప్పారు. ఆయనకు భగవాన్ రమణ మహర్షి అన్న పేరు పెట్టింది గణపతి మునే. ఈ విచారం ప్రత్యేకమైన ఆసనాన్నో వేళనో కోరదు. కోపం వచ్చినప్పుడు అది ఎవరికి వచ్చిందని, భయం కలిగినప్పుడు అది ఎవరికి కలిగిందని వెనక్కి తిరిగి చూడటమే మొదటి పని. చూపు కాసేపటికే జారిపోతుంది, దాన్ని మళ్లీ తిప్పుకోవాలి. మనసు గాలిని పట్టుకున్నంత కష్టమని అర్జునుడు మొరపెట్టుకున్నప్పుడు గీత ఆరవ అధ్యాయంలో శ్రీకృష్ణుడు ఆ కష్టాన్ని కాదనలేదు. అభ్యాసంతో, వైరాగ్యంతో సాధ్యమన్నాడు. వారాల తరబడి నిద్ర పట్టకపోవడం, బతకాలనిపించకపోవడం వంటివి మాత్రం వైద్యుడు చూడవలసిన జబ్బు లక్షణాలు. వాటికి మందు మానేసి విచారం చేయమని ఏ వివేకవంతుడైన గురువూ చెప్పడు.

హాలియా, మిర్యాలగూడ, సూర్యాపేట, కోదాడ పల్లెల్లో తత్వాలు పాడేవారిలో పెద్ద వయసు వారే ఎక్కువ. పాటను ఫోనులో రికార్డు చేయడం నేడు కష్టం కాదు, కొందరు ఆ పని చేస్తున్నారు కూడా. చరణానికి చరణానికి మధ్య పెద్దవాడు ఆగి చెప్పే అర్థం మాత్రం చాలా వరకు రికార్డుకు ఎక్కడం లేదు. పాటలోని సంకేతాలకు తాళంచెవి ఆ అర్థంలోనే ఉంది కాబట్టి, తత్వాలు సేకరించే విద్యార్థులు పాటతోపాటు ఆ వివరణను కూడా, చెప్పినవారి మాటల్లోనే, రాసుకోవలసి ఉంది.