నీటి అడుగున పచ్చిక

మృగశిర కార్తెలో తొలకరి కురిసిన వారము దినములకే మన పొలాల గట్లు పచ్చబడును. ఎవరును విత్తకున్నను, ఎవరును నీరు పోయకున్నను గడ్డి మొలచును. అందుచేతనే గడ్డిపరక యన్న మనకు అలుసు. కాని ఆ పచ్చికనే గాజుతొట్టిలో, అడుగున్నర నీటి క్రింద, చేపలు పైన తిరుగుచుండగా పెంచబూనినవారికి దాని విలువ తెలియును. అక్వేరియం ముందుభాగమున మన్ను కనబడకుండ తివాచివలె పరచుకొను చిరుమొక్కలను పెంచుట నేడు పెక్కు దేశములలో ఒక కళగా వర్ధిల్లుచున్నది. చూపరులకు ఇంత సులభముగా తోచు ఈ పని చేయువారికి మాత్రము మిక్కిలి కష్టము. ఆ కష్టమునకు కారణము తెలిసికొన్న విద్యార్థికి ఒక మంచి వృక్షశాస్త్ర పాఠము చేతికందును.

ఈ కళకు ప్రపంచఖ్యాతి తెచ్చినవాడు జపానులోని నీగాతా ప్రాంతమున 1954లో జన్మించిన తకాషి అమానో. ఆయన వృత్తిచే ఛాయాగ్రాహకుడు. అమెజాన్, బోర్నియో, పశ్చిమాఫ్రికా అడవులలో తిరిగి, తాను చూచిన వనశోభను గాజు గోడల నడుమ నిలుపగోరెను. రాళ్ళను కొండలవలె నిలిపి, వాటి ముందు పొట్టి మొక్కలను పచ్చికబయలువలె పరచెను. 2015లో లిస్బన్ నగరమందలి మత్స్యప్రదర్శనశాలలో 40 మీటర్ల పొడవుగల తొట్టిలో ఒక జలవనమును నిర్మించి, ఆ సంవత్సరమే ఆగస్టులో కన్నుమూసెను.

ఆయన ప్రచారములోనికి తెచ్చిన మొక్కలలో గ్లోసోస్టిగ్మా ముఖ్యమైనది. దాని స్వస్థలము ఆస్ట్రేలియా, న్యూజిలాండ్. అంతకంటె చిన్న ఆకులుగల మరియొక మొక్క క్యూబా దీవి నుండి వచ్చినది. దానిని ఆంగ్లేయులు పసిపాప కన్నీళ్ళను తలపించు పేరుతో పిలుతురు. వెండ్రుకవంటి సన్నని కాడలుగల ఎలియోకారిస్ మన పొలముల తుంగకు దాయాది. మార్సీలియా పువ్వు పూయని ఫెర్న్ జాతిది. నాలుగాకుల ఈ మొక్క బంధువులను మన వరిమళ్ళలోనే చూడవచ్చును.

ఇక కష్టమెక్కడ? తొట్టిలో అన్నిటికంటె పొట్టి మొక్కకే వెలుతురు అన్నిటికంటె దూరము. పైనున్న నీరు, పొడవైన మొక్కల నీడ, తేలు ఆకులు, అన్నియు దాటి మిగిలిన వెలుగే దానికి దక్కును. వెలుగొక్కటియే చాలదు. ఆకు ఆహారము తయారుచేసికొనుటకు బొగ్గుపులుసు వాయువు, అనగా కార్బన్ డయాక్సైడ్, కావలెను. వాయువులు గాలిలో వ్యాపించుటకంటె నీటిలో వ్యాపించుట సుమారు పదివేల రెట్లు మందము. గాలి సోకు మామూలు నీటిలో ఈ వాయువు లీటరుకు ఒక మిల్లీగ్రాము కూడ ఉండదు. కావుననే తివాచి మొక్కలను పెంచువారు సిలిండరు నుండి వాయువును సన్నని బుడగలుగా వదలి, లీటరుకు 20 నుండి 30 మిల్లీగ్రాముల వరకు నిలుపుదురు. గోలీసోడాలో ఇమిడియుండు వాయువు ఇదియే.

నాటు విధము మన రైతుకు క్రొత్త కాదు. మొక్కల ముద్దను చిన్న చిన్న కుదుళ్ళుగా విడదీసి, చిన్న పటకారుతో రెండు మూడు సెంటీమీటర్ల ఎడముగా నాటవలెను. ఇది వరినాటే. కొందరు నారుమడి పద్ధతిని కూడ అనుసరింతురు. మన్ను తడిపి, మొక్కలు నాటి, తొట్టిని మూతవేసి కొన్ని వారములు తేమలో ఉంచి, వేళ్ళు పట్టిన తరువాతనే నీరు నింపుదురు.

నీరు నిండిన తరువాత తొలి పరీక్ష వచ్చును. గాలిలో పెరిగిన ఆకులు పెక్కు పసుపెక్కి కరగిపోవును. మొక్క చచ్చెనని తలచి పెరికివేయువారు ఎందరో. నిజమునకు అది పాత ఆకు విడిచి, నీటికి తగిన క్రొత్త ఆకు తొడుగుచున్నది. ఆ సమయమున కావలసినది ఓర్పు. తొందరపడి దీపములు పెంచినచో నాచు విజృంభించును. వాయువు పెంచినచో చేపలు నీటిపైకి వచ్చి నోరు తెరచి తపించును, ప్రాణములే కోల్పోవచ్చును. చీకటిలో మొక్కలు ఆ వాయువును పీల్చవు గనుక రాత్రివేళ దానిని ఆపివేయవలెను. మొదట దినమునకు ఆరు నుండి ఎనిమిది గంటల వెలుగు చాలును. వారమునకొకసారి మూడవ వంతు నీరు మార్చవలెను. తివాచి దట్టమైన పిమ్మట కత్తిరింపకున్నచో అడుగు పొరకు వెలుగందక కుళ్ళి, మొత్తము చాపవలె పైకి లేచిపోవును. మన వేసవిలో నీటి వేడి 30 డిగ్రీలు దాటిన దినములలో మరింత జాగ్రత్త అవసరము. వేడి నీటిలో వాయువులు తక్కువగా కరగును.

పాఠశాలలో సిలిండరు కొనుట సాధ్యము కాదు. అట్టిచోట మార్సీలియా మేలు. అది మెల్లగా పెరుగును గాని మితమైన వెలుగుతో సరిపెట్టుకొనును.

మరియొక బాధ్యత కలదు. కత్తిరించిన తునకలను కాలువలో పారవేయరాదు. అందమైన పూవు కొరకు దక్షిణ అమెరికా నుండి దేశదేశములకు చేరవేయబడిన గుర్రపుడెక్క నేడు మన డెల్టా కాలువలను, కొల్లేటిని ఎట్లు కమ్ముకొన్నదో పిల్లలు కన్నులార చూచుచున్నారు. అమెరికా ఈశాన్య భాగమున కొన్ని చెరువుల అడుగున గ్లోసోస్టిగ్మా జాతి మొక్క పరాయిదై వచ్చి పరచుకొన్నది. తునకలను ఎండలో పూర్తిగా ఎండబెట్టి తోటకు ఎరువు చేయుట మంచిది.

ఇంత శ్రమకు ఫలమేమి? దీపము వెలిగిన కొన్ని గంటలకు బాగుగా పెరిగిన ఆకుల కొసలయందు ముత్యములవంటి బుడగలు నిలుచును. అది ప్రాణవాయువు. హాలెండు దేశీయుడైన వైద్యుడు యాన్ ఇంగెన్‌హౌస్ 1779లో నీట మునిగిన ఆకులపై ఈ బుడగలనే పరిశీలించి, అవి వెలుగులో పుట్టుచున్నవనియు, చీకటిలో ఆగిపోవుచున్నవనియు లోకమునకు చాటెను. కిరణజన్య సంయోగక్రియయను పెద్ద మాటను నల్లబల్లపై వ్రాయు ఉపాధ్యాయుడు, ఒక్క గాజుతొట్టి ముందు పిల్లలను నిలిపి ఆ బుడగను చూపగలిగిననాడు, గట్టుమీది గడ్డిపరక వారికి మరల అలుసు కాబోదు.