కదలెడి యింట నిలిచిన నీరు

ఇండియానా రాష్ట్రమున నివసించు నా మేనల్లుని యింటి పెరట ఒక పాత ట్రైలరు బండి కలదు. మంచమును, సింకును, గ్యాసు పొయ్యియు, చిన్న ఫ్రిజ్జును లోపలనే అమర్చుకొని ఊరూరు తిరుగు ఇట్టి యింటిబళ్లను అమెరికావారు ఆర్వీలందురు. గత వేసవిలో నేనచటికి పోయి, ఆ బండి వంటగదిలో కాలు మోపబోవుచుండగా అతడు వెనుకనుండి, "మామయ్యా, సింకు ముందు నిలబడకండి, దిగబడుతుంది" అని కేకవేసెను. కేక కొంచెము ఆలస్యముగా వచ్చెను. చూపునకు ఏ లోపమును లేని, పువ్వుల అచ్చుగల వినైలు పొర నా మడమ క్రింద అంగుళమంత క్రుంగి, కాలు తీయగనే మరల లేచెను. ఎండకు పెచ్చు కట్టిన చెరువు బురదపై అడుగిడినపుడు కలుగు గుండెఝల్లు నాకు అప్పుడు కలిగెను.

ప్రయాణము చేయుచునే తన యింట నున్నట్లుండవలెనను కోరిక మానవునకు క్రొత్తది కాదు. స్కాట్లండు వైద్యుడును రచయితయు నగు గోర్డన్ స్టేబుల్సు 1885లో విహారమునకై గుఱ్ఱములు లాగు ఇంటిబండి నొకదానిని చేయించుకొని దానికి వాండరర్ అని పేరిడెను; 1910లో న్యూయార్కు మోటారు ప్రదర్శనమున పియర్స్ ఆరో సంస్థవారు మడచిపెట్టు సింకు గల విహారశకటమును చూపిరి. నేడు అమెరికాలో తయారగు ఇట్టి బళ్లలో అధికభాగము ఇండియానాలోని ఎల్కార్టు పరిసరముల కార్ఖానాల నుండియే వెలువడుచున్నది. ఆ కార్ఖానాలో మొదట పుట్టునది నేల. ఇనుప చట్రముపై సన్నని కొయ్య దూలములు, వాని నడుమ చలి నాపుటకు గాజునార, వానిపై అర అంగుళమో ముప్పాతిక అంగుళమో మందము గల పలక, దానిపై ఈ చివరనుండి ఆ చివరకు పరచిన వినైలు పొర. ఇవి ముగిసిన పిమ్మట అలమరలు, ఆపై గోడలు, కడపట కప్పు. చాల బళ్లలో ఇదియే క్రమము. అనగా గోడలును అలమరలును నేలను త్రొక్కుకొని నిలుచుండును. మన యిండ్లలో గచ్చు పాడైన గోడ జోలికి పోకుండ గచ్చు మార్చుకొందుము. ఇచట నేల తీయుట యనగా మనిషిని నిలువబెట్టి అరికాలికి శస్త్రచికిత్స చేయుటయే.

మన గూడుబండి అడుగును చూచినవారు దాని పలకల నడుమ సందులుండుట గమనించియుందురు. వానజల్లు లోనికి కొట్టినను, కడవ తొణకినను, నీరు ఆ సందులనుండి దారిపై పడిపోవును. క్రిందిగాలి తగిలి కొయ్య సాయంకాలమునకు ఆరిపోవును. ట్రైలరు కట్టువారి తలంపు ఇందుకు కేవలము విరుద్ధము. పైనుండి నీరు దిగకుండుటకు వినైలు పొర. రోడ్డుపై లేచు బురదయు చలిగాలియు ఎక్కకుండుటకు అడుగున ప్లాస్టిక్కు రేకు. రెండును తమ పనిని చక్కగనే చేయును. కాని గొట్టపు అతుకునుండియో గోడ మూలనుండియో ఈ రెండింటి నడుమకు చెంచాడు నీరు చేరెనేని, ఆ కావలియే శత్రువగును; నీరు పైకి ఆవిరి కాజాలదు, క్రిందికి కారజాలదు, నడుమనున్న పలకలోనికి ఇంకుట తప్ప దానికి వేరు గతి లేదు. దినమునకు పదిసార్లు బాహాటముగా నీరొలికిన నేలకంటె, వారమునకు చెంచాడు నీరు చాటుగా ఊరిన నేల ముందు చివుకుట నాకు మొదట వింతగా తోచెను. ఆ పలకను పెకలించి చూచిన పిమ్మట వింత తీరెను.

కొయ్య ఘనముగా కనిపించినను నిజమునకది సన్నని గొట్టముల కట్ట. చెట్టు బ్రతికియుండగా వేరునుండి ఆకునకు నీరు మోసిన ఆ గొట్టములే, పలకగా కోసిన తరువాతను కోతముఖమునకు తడి సోకగానే కేశనాళికల రీతిని దానిని లోనికి పీల్చుకొనును. ఇంటిలో వాడుకలో నున్న పొడి కొయ్యయందు దాని పొడి బరువులో నూటికి ఆరు మొదలు పండ్రెండు పాళ్ల నీరుండును. అది గొట్టముల గోడలలో ఇమిడియుండు నీరు. ఈ లెక్క నూటికి ముప్పదికి చేరుసరికి గోడలు ఇక పట్టజాలక, అటుపై వచ్చిన నీరు గొట్టముల బోలులో నిలుచును. కొయ్యను భుజించు శిలీంధ్రములు ఎదురుచూచునది ఈ ఘడియ కొరకే. తేమ ఇరువది పాళ్ల లోపల నున్నంతకాలము గాలిలో తేలి వచ్చిన వాని సిద్ధబీజములు పలకపై పడియున్నను మొలవవు. తేమ ముప్పది దాటి, పది మొదలు ముప్పదియైదు డిగ్రీల వెచ్చదనమును కొంచెము గాలియు తోడుపడెనేని, వెంట్రుకకంటె సన్నని తంతువులు కొయ్యలో పాకి, తాము స్రవించు రసములతో దానిని కరగించి త్రాగును.

కొయ్యను సిమెంటు కాంక్రీటుతో పోల్చితిమేని, సెల్యులోజు లోపలి ఇనుప కమ్ముల వంటిది, లిగ్నిను వానిని పొదివి పట్టుకొనిన సిమెంటు వంటిది. గోధుమవన్నె కుళ్ళు కలిగించు శిలీంధ్రములు కమ్ములను తిని సిమెంటును విడిచిపెట్టును. కావుననే కుళ్ళిన కొయ్య చాలకాలము ఆకారము చెడక నిలిచి, తుదకు చిన్న చిన్న ఘనములుగా పగిలి, వ్రేళ్ల నడుమ నలిపిన నస్యమువలె రాలును. కొయ్య బరువులో పదవవంతు తగ్గులోపలనే దెబ్బనోర్చు శక్తి సగము పోవును. అందుచేత కన్ను మోసపోవును గాని కాలు మోసపోదు. ఆంగ్లేయులు కుళ్ళులో ఒక తెగకు డ్రై రాట్, అనగా పొడికుళ్ళు, అని పేరిడిరి. శాస్త్రమున ఇంతకంటె తప్పుదారి పట్టించు పేరు నేనెరుగను. తేమ లేక ఏ కుళ్ళును లేదు. పైగా సెల్యులోజు జీర్ణమగునపుడు నీరు పుట్టుచుండును. ఐరోపా యిండ్లను చెరచు సెర్పులా లాక్రిమాన్స్ అను జాతి ఒంటిపై నీటిబొట్లు నిలుచుట చూచియే లాటినున దానికి కన్నీరు కార్చునదను పేరు పెట్టిరి.

మా వాడు మొదట చేయదలచినది అందరును చేయునదే. మెత్తబడినచోట ప్లైవుడ్డు ముక్క నొకటి పరచి, దానిపై క్రొత్త వినైలు అంటించుట. పొరుగింటి వృద్ధుడు, ఇట్టి బళ్ల కార్ఖానాలో చిరకాలము పనిచేసి విశ్రమించినవాడు, నీరు ఎక్కడిదో తేలకముందు రంపము ముట్టవద్దని అడ్డుపడెను. ఈ జాడ పట్టుట యందే నాకు వైద్యుని నిదానము వంటి రుచి కనిపించినది. బండిలోనికి నీరు మూడు త్రోవల వచ్చును: పంపు ఒత్తిడిచే కుళాయికి ఎక్కు గొట్టములు, సింకునుండి తొట్టికి దిగు గొట్టములు, వాన. కుళాయిలన్నియు కట్టియుండగా పంపు తనంత తానే లేచి కొంతసేపు తిరిగి ఆగుచుండెనేని, ఎక్కు గొట్టమున ఎచ్చటనో కారుచున్నదని అర్థము. తగ్గిన ఒత్తిడిని పూరించుటకే అది లేచును. పంపు నిశ్శబ్దముగా నుండి, సింకు నిండ రంగునీరు పోసి ఒక్కమారుగా విడిచినపుడు క్రింద పరచిన కాగితము రంగు పట్టెనేని, దోషము దిగు గొట్టమునది. రెండును కాకున్న వానను అనుమానింపవలెను. అది అన్నిటికంటె జిత్తులమారి. బండి ఒకవైపు ఒరగి నిలిచియున్నచో, కప్పుమీది బీటలో ముందుభాగమున దిగిన నీరు గోడలోపలి కొయ్య వెంబడి నడచి, ఎక్కడో వెనుక వంటగదిలో తేలును. మెత్తబడిన చోటు నీరు చేరిన చోటే గాని నీరు పుట్టిన చోటని నమ్మరాదు.

మా వాని బండిలో పంపు రాత్రివేళ ఇరువది నిమిషముల కొకమారు గురక పెట్టెను. కుళాయి వెనుక ప్లాస్టిక్కు అతుకున వెంట్రుకవాసి పగులు కనబడినది. నీరు గడ్డకట్టునపుడు దాని ఘనపరిమాణము నూటికి తొమ్మిది పాళ్లు పెరుగును. ఆ పెరుగుదల కెదురు నిలుచు అతుకు లేదు. అందుకే ఆ చలిదేశమున శీతకాలము రాకముందే గొట్టములలోని నీరు పారబోసి, ప్రొపిలీను గ్లైకాలు కలిసిన గులాబివన్నె ద్రవమును నింపుదురు. రెండేండ్ల క్రిందట ఆ పని చేయునపుడు మా వాడు ఆ ఒక్క కుళాయిని తెరచుట మరచెను. తప్పు తనదేయని ఒప్పుకొనెను గాని, ఒప్పుకొనుటకు రెండు దినములు పట్టెను.

పొరను ఊడదీయుటకు ముందు బండి వయసు తెలిసికొనుట అవసరము. 1980 ప్రాంతమునకు పూర్వపు వినైలు పలకలలోను, పొరల వెనుక కాగితములోను ఆస్బెస్టాసు నార కలసియుండవచ్చును. దానిని గీకి ధూళి లేపుట ఊపిరితిత్తులకు కీడు గావున, పరీక్షింపక చేయి పెట్టరాదు. మా వాని బండి ఆ తరువాతిది. వినైలు లేవగనే తొలకరిలో పాత గడ్డివామి అడుగును కదిపినట్టి వాసన గది నిండెను. ఎంతమేర కోయవలెననుట కన్ను చెప్పజాలదు. అందులకు తేమమాపక మను చేతిపరికరము కలదు. దాని రెండు సూదులను కొయ్యలో గ్రుచ్చిన నడుమనున్న విద్యున్నిరోధమును కొలిచి తేమను అంకెలలో చూపును. ఏడు పాళ్ల తేమగల కొయ్యకును ఇరువదియైదు పాళ్ల కొయ్యకును ఈ నిరోధమున వేల రెట్ల భేదముండుటచే, పొరపాటునకు తావు తక్కువ. కాలికి మెత్తగా తగిలిన చోటు భోజనపు పళ్లెమంత. పరికరము ఇరువది దాటి చూపిన చోటు చాపయంత. తంతువులు మేలి కొయ్యగా కనిపించుదానిలోనికిని పాకియుండును గావున, మరియొక జానెడు వెలుపలికి జరిగి గీత గీసిరి. గుండ్రని రంపపు లోతును సరిగా పలక మందమునకే అమర్చిరి. ఏలన దాని దిగువనే తీగలును గొట్టములును ఉండెను. కోత దూలము నడిబొడ్డున పడవలెను. అప్పుడే పాత పలక అంచునకును క్రొత్త పలక అంచునకును చెరిసగము ఆసరా దొరకును.

తడిసిన గాజునారను పారవేసి, దూలములకు బోరాను లవణపు ద్రావణము పూసి, పంకా పెట్టి మూడు వారములు ఊరకుండిరి. ఆ మూడు వారములే ఈ పనిలోకెల్ల కష్టమైన భాగమని నా అభిప్రాయము. చేతులు ముడుచుకొని యుండుట ఎవ్వరికిని ఇష్టముండదు.

క్రొత్త పలకను ఎన్నుటలో చూడవలసినది కొయ్యకంటె దాని జిగురు. ప్లైవుడ్డు అనగా పలుచని కొయ్యపొరలను ఒకదాని నార కొకటి అడ్డముగా పేర్చి అంటించినది. కొయ్య నారకు అడ్డముగా ఉబ్బునంతగా నిలువుగా ఉబ్బదు గనుక, ప్రతి పొరయు పొరుగుపొరను అదుపులో నుంచును. యూరియా, ఫార్మాల్డిహైడు కలిపి చేసిన చౌక జిగురు తడికి క్రమముగా విచ్ఛిన్నమగును. ఫీనాలుతో చేసిన జిగురు, 1907లో బేకులండు కనిపెట్టిన బేకలైటునకు దాయాది, మరుగు నీటికిని చలింపదు. మన బజారున మెరైను ప్లైవుడ్డని అమ్ముదానికి గల ఐ.ఎస్. 710 ప్రమాణము, దానిని 72 గంటలు నీట మరగించి పరీక్షింపవలె ననుచున్నది. చౌక జిగురునకు మరియొక దోషము కలదు: మూసిన గదిలోనికి ఫార్మాల్డిహైడు వాయువును విడుచుచుండును. 2005లో కత్రినా తుపానున ఇండ్లు కోల్పోయినవారికి అమెరికా ప్రభుత్వము ఇచ్చిన ట్రైలర్లలో కండ్ల మంటయు దగ్గును పెచ్చు పెరుగగా, అచటి వ్యాధి నియంత్రణ కేంద్రమువారు 519 బళ్ల గాలిని పరీక్షించి, 2008లో సగటున శతకోటికి 77 పాళ్ల ఫార్మాల్డిహైడును కనుగొనిరి. అట్టి పలకల వాయువునకు హద్దు విధించుచు 2010లో చట్టమే వచ్చినది.

పలకను జిగురుతోను మరలతోను బిగించి, కోతముఖములకు నీరు పీల్చకుండ రంగు పట్టించిరి. మేకు పనికిరాదు, దారి పొడవున అదరుచుండు ఇంటిలో మేకు మెల్లగా పైకి లేచును. పై పరపునకు మా కోడలు పింగాణీ పలకలు కోరెను. ఎనిమిది మిల్లీమీటర్ల పింగాణీ చదరపు మీటరునకు ఇంచుమించు పదునెనిమిది కిలోల బరువగును, అదిగాక బండి మెలికపడినపుడు అతుకులు పగులును. ఒకప్పుడు ఈ చోట లినోలియ ముండెడిది. ఫ్రెడరిక్ వాల్టను రంగుడబ్బాలో అవిసె నూనెపై కట్టిన మీగడ వంటి తొడుగును చూచి, దానినుండి నేలగుడ్డ చేయవచ్చునని తలచి 1863లో పేటెంటు పొందెను. జనపనార గుడ్డపై పరచిన ఆ అవిసె నూనె పరపు దాదాపు నూరేండ్లు వంటయిండ్ల నేలెను. తుదకు వారు కొనినది వినైలు పట్టీలే. వినైలు డిగ్రీ వేడికి తన పొడవులో లక్షకు ఆరేడు పాళ్లు సాగును. చలికాలమున సున్నకు దిగువ ఇరువది డిగ్రీలకు పోయి, వేసవిలో మూసిన బండి నలుబదికి చేరు ఆ ఊర, మూడు మీటర్ల పరపు ఒక సెంటీమీటరునకు మించి హెచ్చుతగ్గు లగును. గోడవరకు నిండ పరచితిరా, ఎండాకాలమున అది గుర్రపుజీను వలె నడుమ లేచును. అందుచే నాలుగు అంచులను ఖాళీ విడిచి, దానిపై కొయ్యపట్టీ కప్పిరి.

నేను తిరుగు ప్రయాణమగునాటికి తేమమాపకము పదునొకండు చూపుచుండెను. సింకు క్రింది అలమర అడుగు పలకకు మాత్రము మా వాడు మర బిగింపలేదు. నెలకొకమారు ఎత్తి, చేయి పెట్టి తడిచూచుటకు విడిచియుంచెను.