శాస్త్ర పరిశోధన నిధియు, రైతు పొలమును

2021వ సంవత్సరమున మిరపతోటలు పూతకు వచ్చిన వేళ గుంటూరు, ప్రకాశం జిల్లాల రైతులు మున్నెన్నడు నెరుగని చీడను చూచిరి. ఏ పూవు విప్పి చూచినను నల్లని సన్నని పురుగులు గుంపులుగా నుండెను. పూత రాలెను, పిందె నిలువలేదు. ఎన్ని మందులు కొట్టినను ఖర్చు పెరిగినదే కాని పురుగు తగ్గలేదు. పలువురు కాపు చూడకయే తోటలు తీసివేసిరి. దానినే మనము నల్ల తామరపురుగని పిలుచుచున్నాము.

ఈ పురుగు ఆగ్నేయాసియా దేశములది. మన దేశమున ఇది బొప్పాయిపై కనబడినట్లు బెంగుళూరు నుండి 2015వ సంవత్సరముననే పరిశోధకులు ప్రకటించియుండిరి. ఆనాడు బొప్పాయి ఆకును భూతద్దము క్రింద పరీక్షించినవారు లేకున్నచో, మన తోటలలోనిది ఏ జాతి పురుగో తేలుటకే మరికొంత కాలము పట్టియుండును. అయితే పేరు తెలియుట మొదటిమెట్టు మాత్రమే. దాని జీవితక్రమము, శత్రువులు, దానిని తట్టుకొను వంగడములు తెలియవలెనన్న ఏండ్ల తరబడి శ్రమ కావలెను. అన్నియేండ్లు పనిచేయు విద్యార్థికి గ్రాసమెవరు జరుపవలెను? పరికరము లెవరు కొనవలెను? ఇదియే నేడు మేము సభ్యుల ముందుంచదలచిన విషయము.

మన యాంధ్రదేశమున ఈ ప్రశ్నకు ఘనమైన సమాధానము చెప్పిన దాత యొకరు కలరు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు 1926వ సంవత్సరమున స్థాపితమైనది. పేరు గొప్పదే గాని, ప్రయోగశాలలకు ధనము చాలదు. ఆ సమయమున జయపుర సంస్థానాధిపతి శ్రీ విక్రమదేవవర్మ మహారాజుగారు ఏటేట లక్ష రూపాయలు ఇచ్చుటకు పూనుకొనిరి. ఆ కాలపు లక్ష యెంతటిదో పెద్దలకు తెలియును. వారి పేరనే వాల్తేరున శాస్త్ర, సాంకేతిక కళాశాల వెలసినది.

ఆ విశ్వవిద్యాలయముననే 1930వ దశకమున శ్రీ టి. ఆర్. శేషాద్రిగారు రసాయనశాస్త్రమును బోధించుచు, శిష్యులతో గూడి పత్తిపూలను పరీక్షించిరి. మన చేలలో నిత్యము చూచు ఆ పసుపుపచ్చ వన్నె యే పదార్థముల వలన కలుగుచున్నదో శోధించి తేల్చిరి. ఆ పరిశోధన వలన పత్తి ధర హెచ్చినదని మేము చెప్పము. దానివలన కలిగిన లాభము వేరు: ఏ మొక్కనైనను పరీక్షించి, అందలి సారమును వేరుచేసి చూపగల యువకులు తయారైరి. శేషాద్రిగారికి 1960వ సంవత్సరమున లండను రాయల్ సొసైటీ సభ్యత్వము లభించినది. 1942లో విశాఖపట్టణముపై బాంబులు పడిన పిదప ఆ విశ్వవిద్యాలయము కొంతకాలము మన గుంటూరునకే తరలివచ్చి తలదాచుకొన్నది. ఆ విద్యతో మనకు గల బంధుత్వము క్రొత్తది కాదు.

నేడు సంస్థానములు లేవు, జమీందారులు లేరు. ఆ భారము ప్రభుత్వముపై పడినది. విశ్వవిద్యాలయములలో విజ్ఞాన, ఇంజనీరింగు పరిశోధనలకు తోడ్పడుటకై 2023వ సంవత్సరపు శాసనము ననుసరించి 'అనుసంధాన్' జాతీయ పరిశోధన సంస్థ యేర్పడినది. ఐదేండ్లలో 50,000 కోట్ల రూపాయలు సమకూర్చవలెనని అప్పటి సంకల్పము. అందధికభాగము ప్రభుత్వేతరుల నుండియే రావలెనని యంచనా. కాబట్టి ప్రభుత్వము సయితము దాతలకై యెదురుచూచుచునే యున్నది.

రైతు దాత కాగలడా? మన సభ్యులలో అప్పు తీరనివారు పెక్కుమంది. వారిని చందా యడుగుట ధర్మము కాదు, మేము అడుగము. కాని కలిగినవారు వేయిమంది తలకు 500 రూపాయలు వేసికొన్న 5 లక్షలగును. అసలును ముట్టక, నూటికి 6 వంతున వడ్డీ వచ్చునట్లు భద్రపరచినచో ఏటికి 30,000 రూపాయలు లభించును. అసలు విత్తనపు గాదె వంటిది, వడ్డీ పంట వంటిది. విత్తనము తినని రైతు ఏటేట విత్తును. వడ్డీలోనే కొంత మరల అసలులో కలుపుచుండినచో ధరలు పెరిగినను నిధి క్షీణింపదు.

ఆ పైకముతో గొప్ప ప్రయోగశాలలు వెలయవు. కాని లాంలోనో, బాపట్లలోనో చదువుచు, బస్సుఖర్చులకు జంకి పరిశోధన మానుకొనబోవు మన రైతుబిడ్డ నొకనిని నిలువబెట్టవచ్చును.

దీనికి మూడు నియమములు మాత్రము ఉండవలెను. విద్యార్థిని యోగ్యత, పేదరికము చూచి అధ్యాపకులే ఎన్నుకొనవలెను, సంఘ నాయకుల సిఫార్సు పనికిరాదు. లెక్కలు ఏటేట మహాసభలో చదువవలెను. విద్యార్థి ఏడాదికొకమారు మన గ్రామమునకు వచ్చి తాను కనుగొన్నదియు, కనుగొనలేకపోయినదియు తెలుగున చెప్పవలెను. ఫలితము రాలేదని యెవ్వరును నిందింపరాదు. వేసిన ప్రతి గింజయు మొలవదని రైతునకు వేరొకరు చెప్పనక్కరలేదు గదా.

రానున్న మహాసభలో సభ్యులీ విషయమును చర్చించి, తీర్మానింప ప్రార్థించుచున్నాము. మరియొక పురుగు మన పూవులలో దూరకముందే దాని నెరుగగలవాడు మన యూరిబిడ్డయే కావలెనని మా కోరిక.